కంటికి కనబడిన కంఠధ్వని

'అట' అనియు 'అట్ట' అనియు మెల్లగా పలికి చూడుడు. రెండవ మాటలో అదనముగా చేరినదేమి? మరియొక టకారము అని అందుము. నిజమునకు చేరినది నిశ్శబ్దము. నాలుక అంగిలిని తాకి గాలిని ఆపియుంచిన కాలము 'అట్ట'లో ఎక్కువ. అంతే. మరియొక వింత కలదు. ధారాళముగా మాటలాడునపుడు మాటకును మాటకును నడుమ తరచుగా ఖాళీయే ఉండదు. ఇట్టి ఖాళీలు మాటల లోపలనే ఉండును!

ఈ సంగతులను కంటికి చూపునది సౌండ్ స్పెక్ట్రోగ్రాఫ్. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో రూపొంది, 1946లో శాస్త్రలోకమునకు వెల్లడియైనది. కాగితముపై ఎడమనుండి కుడికి కాలము, క్రిందినుండి పైకి పౌనఃపున్యము. ధ్వని ఎంత బలమైనదో గుర్తు అంత నల్లన.

అంతకు పూర్వము పరిశోధకునికి చెవియే గతి. 1773లో డెయిన్స్ బారింగ్టన్ అను ఆంగ్లేయుడు రాయల్ సొసైటీ పత్రికలో ఒక లేఖ ప్రకటించెను. (వృత్తిచే న్యాయవాది. బాలుడైన మొజార్టు సంగీతప్రతిభను 1765లో పరీక్షించినవాడు ఈయనే.) లిన్నెట్ పిట్ట పిల్లను స్కైలార్క్ పక్షి వద్ద పెంచగా, అది తన జాతి పాటను గాక పెంచిన పక్షి పాటనే పాడినదట. పక్షిపిల్ల తొలికూతలను ఆయన శిశువు ముద్దుపలుకులతో పోల్చెను. 1871లో డార్విన్ ఈ పోలికను తన గ్రంథమున చేర్చెను. కాని పాటలో పుట్టుకతో వచ్చినదెంత, నేర్చినదెంత? రెప్పపాటున దొర్లిపోవు స్వరములను చెవి విడదీయజాలదు. ప్రశ్న నూటయెనుబది యేండ్లు అట్లే నిలిచిపోయెను.

మానవుని మాటకై పుట్టిన యంత్రమును పిట్టపాటకు త్రిప్పినవారిలో కేంబ్రిడ్జిలోని విలియం థార్ప్ ముఖ్యుడు. ఆయన 1954లో చాఫించ్ పక్షులపై ఫలితములు ప్రకటించెను. ఈ పక్షి పాట రెండుమూడు సెకండ్లలో ముగియును: స్పష్టమైన కొన్ని పాదములు, చివర ఒక ముక్తాయింపు. తోటిపక్షుల పాట వినకుండ ఒంటరిగా పెరిగిన పక్షికి నిడివి దాదాపు సరిగనే వచ్చెను. పాదవిభాగము మాత్రము కుదరలేదు, ముక్తాయింపు లేనేలేదు. నిడివి పుట్టుకతో వచ్చినది, విరుపులు వినికిడితో వచ్చినవి అన్నమాట. బారింగ్టన్ సగమే చెప్పినాడు. అయినను చెవి ఒక్కటే సాధనముగా అంత చెప్పుట సామాన్యము కాదు.

1965లో మసకాజు కొనిషి మరియొక మెట్టు ఎక్కెను. తలపై తెల్లచారలు గల ఒకజాతి అమెరికా పిచ్చుకలకు బాల్యమున పెద్దల పాట వినిపించి, అవి పాడ మొదలిడకముందే వాని వినికిడిని పోగొట్టెను. ప్రయోగము క్రూరమే. ఆ పక్షులకు విన్న పాట రాలేదు. జ్ఞాపకము చాలదు, తన గొంతును తాను వినుచు దానితో సరిచూచుకొనవలెను. మాటలు రాకముందే వినికిడి పోయిన పిల్లలకు పలుకు తేరుట ఎంత కష్టమో ఉపాధ్యాయులు ఎరుగుదురు. మనకు దగ్గరి చుట్టములైన కోతుల కూతలు మాత్రము వినికిడిపై ఇంతగా ఆధారపడవు.