బ్రౌజరు అనుబంధముల చరిత్ర

అద్దె యింటిలో నున్నవాడు గోడకు మేకు కొట్టి పటము తగిలించుకొనును. యజమాని ఆ గోడ తీసి క్రొత్తది కట్టినప్పుడు మేకుతోబాటు పటము కూడ నేలబడును. తప్పెవరిది? గోడ యజమానిది, పటము అద్దెకున్నవానిది. బ్రౌజరునకును దాని అనుబంధములకును గల సంబంధ మిట్టిదే. ఇంటర్నెట్టులోని పుటలను మనకు చూపు సాధనము బ్రౌజరు. దానికి లేని శక్తిని బయటివారు వ్రాసి చేర్చు చిన్న ప్రోగ్రాము ఎక్స్‌టెన్షను. దానినే మేమిచట అనుబంధ మనుచున్నాము. బ్రౌజరు క్రొత్తరూపు దాల్చినప్పుడెల్ల అనుబంధమును బ్రతికించుకొనుట యెట్లను ప్రశ్న ఇరువదియేండ్లకు పైగా నున్నది. ఫైర్‌ఫాక్సు చరిత్రలో అది స్పష్టముగా గోచరించును.

నెట్‌స్కేప్ సంస్థ 1998 మార్చి 31న తన బ్రౌజరు సోర్సుకోడును లోకమునకు విడుదల చేసెను. అట్లు పుట్టిన మొజిల్లా ప్రయత్నమునుండి 2004 నవంబరు 9న ఫైర్‌ఫాక్సు 1.0 వెలువడినది. దాని మెనూలు, బొత్తాములు జూల్ అను భాషలో వ్రాయబడినవి. అనుబంధకర్తలకును అదే భాష, అదే లోపలి యంత్రాంగము అందుబాటులో నుండుటచే వారు చేయలేని మార్పు దాదాపు లేకుండెను. నోస్క్రిప్టు అనునది పుటలలో దాగిన ప్రోగ్రాములను అడ్డుకొనెను. డౌన్‌దెమాల్ అనునది ఫైళ్లను గుంపుగా దింపిపెట్టెను. తెలుగువారికి పద్మ అను అనుబంధము మేలుచేసెను. ఆ కాలమున మన పత్రికలు తమ తమ సొంత ఖతులతో ఇంటర్నెట్టులో వెలువడుచుండెను; ఆ ఖతి లేని కంప్యూటరులో వార్తకు బదులు అర్థములేని గీతలు కనబడెడివి. పద్మ వానిని యూనికోడు తెలుగులోనికి మార్చి చదువ వీలు కల్పించెను.

ఈ స్వేచ్ఛకు వెల లేకపోలేదు. ప్రతి అనుబంధమును తాను బ్రౌజరు ఏ సంఖ్యవరకు పనిచేయునో ఒక చిన్న ఫైలులో చెప్పవలసియుండెను. బ్రౌజరు ఆ సంఖ్యను దాటినచో అనుబంధము నిలిపివేయబడును. పెక్కుసార్లు లోపల చెడిన దేమియు నుండదు; సంఖ్య మాత్రమే పాతబడియుండును. తెలిసినవారు అనుబంధపు మూట విప్పి, ఆ సంఖ్యను పెంచి, మరల కట్టి వాడుకొనెడివారు. తెలియనివారు కర్త కొరకు ఎదురుచూచెడివారు. ఆ కర్త తరచుగా జీతములేక తీరికవేళ పనిచేయువాడు.

2011 మార్చి 22న ఫైర్‌ఫాక్సు 4 వచ్చినది. మూడునెలలకే జూన్ 21న 5 వచ్చినది. అటుపై ఆరు వారములకొక విడుదల పద్ధతియైనది. ఆరు వారములకొకసారి సంఖ్య దిద్దుట ఎవరి తరము? ఈ ఇబ్బంది తొలగుటకు 2012 జనవరి 31న వెలువడిన ఫైర్‌ఫాక్సు 10లో నియమము తలక్రిందులైనది. అధిక భాగము అనుబంధములు పనిచేయునని మొదట నమ్మి, చెడినవానినే ఆపుట మొదలైనది.

అయినను అసలు చిక్కు తీరలేదు. ఒక్కొక్క పుటను వేరువేరు ప్రక్రియలో నడిపిన గాని బ్రౌజరునకు వేగము, భద్రత కలుగవు. లోపలి ప్రతి భాగమును తాకు అనుబంధములు ఆ మార్పునకు అడ్డమాయెను. 2015 ఆగస్టులో మొజిల్లా, పాతపద్ధతిని విడిచి, క్రోము బ్రౌజరు పద్ధతికి దగ్గరగానుండు వెబ్‌ఎక్స్‌టెన్షన్లను చేపట్టుదుమని ప్రకటించెను. 2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్సు 57తో పాత అనుబంధములు ఆగిపోయినవి. నోస్క్రిప్టు కొలదిదినములలో క్రొత్తరూపున తిరిగి వచ్చినది. డౌన్‌దెమాల్ 2019 వరకు రాలేదు. ఎన్నియో మరల రానేలేదు. సంస్థల కొరకు ఉద్దేశించిన 52వ దీర్ఘకాలిక రూపములో మాత్రము పాతవి 2018 సెప్టెంబరు వరకు బ్రతికినవి.

వింతయేమన, బ్రౌజరు మారకున్నను అనుబంధములు ఆగిన దినము కూడ కలదు. మోసపు ప్రోగ్రాములు చొరకుండుటకై అనుబంధములకు మొజిల్లా సంతకము తప్పనిసరి చేయబడియుండెను. 2019 మే 4న ఆ సంతకములను ధ్రువపరచు పత్రమొకటి గడువు తీరిపోగా, లోకమంతట అనుబంధములు మూగవోయినవి. కాపలాకై పెట్టిన తాళమే యింటివానిని బయట నిలిపినది. మరునాడు 66.0.4 అను సవరణ వెలువడినది.

క్రోములోను ఇట్టి కథయే నడచినది. మూడవ మానిఫెస్టు అను క్రొత్త నియమావళికై 2024 జూన్‌నుండి పాతవానిని తొలగించుట మొదలుకాగా, ప్రకటనలను అడ్డుకొను యూబ్లాక్ ఆరిజిన్ తన పూర్వరూపమున అచట నిలువలేకపోయినది.

ఇందు ఏ పక్షమును పూర్తిగా నిందింప మాకు మనసొప్పదు. గోడ మార్చకున్న ఇల్లు కూలును. చెప్పక మార్చిన నమ్మకము కూలును. రెండేండ్ల ముందు హెచ్చరించినను, జీతములేని కర్తకు తన ప్రోగ్రామునంతటిని తిరిగి వ్రాయుటకు ఆ వ్యవధి చాలకపోవచ్చును. మిగిలిన చరిత్ర చెప్పు నీతి యొకటి: సోర్సుకోడు బహిరంగముగా నున్న అనుబంధమును కర్త విడిచినను మరియొకరు ఎత్తుకొనగలరు. మనవంటి వాడుకరులు చేయదగినదియు కలదు. అనుబంధములో దాచిన జాబితాలను, గుర్తులను వేరొక ఫైలులో భద్రపరచుకొని, పిమ్మట బ్రౌజరును క్రొత్తది చేసికొనుట మేలు. మేకు ఊడినను పటము దక్కును.