ఊపిరి వదులుతూ పైకి

తుళ్లూరుకు పొరుగున, కృష్ణ కుడిగట్టున ఉన్న ధరణికోట ఒకప్పటి ధాన్యకటకం, శాతవాహనుల కాలపు మహానగరం. సీసపు నాణేలపై రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ వేయించిన ఆ వంశం పేరునే, 1974 డిసెంబరులో విశాఖపట్నంలో ప్రారంభమైన నౌకాదళ శిక్షణ కేంద్రానికి పెట్టారు. ఐఎన్‌ఎస్ శాతవాహన అనే ఆ కేంద్రంలో జలాంతర్గామి సిబ్బందికి వృత్తివిద్యతో పాటు, మునిగిన నౌకలోంచి సొంతంగా బయటపడి నీటి మీదికి చేరే విద్య కూడా నేర్పుతారు. సిలిండర్‌లో గాలి అయిపోయిన స్కూబా ఈతగాడు పైకి రావడానికి పాటించే పద్ధతి ఈ విద్యకు దగ్గరి చుట్టమే.

దాని కీలకం, అంటే పైకి వస్తూ ఊపిరి వదులుతూనే ఉండడం, సహజబుద్ధికి ఎదురు నడుస్తుంది. గాలి అందని మనిషి ఉన్న కాస్త ఊపిరినీ బిగబట్టాలనే చూస్తాడు. కృష్ణలో మునకలు వేసే పిల్లవాడికి ఊపిరి బిగబట్టడం వల్ల ముప్పు లేదు, ఎందుకంటే గట్టున పీల్చిన గాలి లోతులో కుంచించుకుపోయి, పైకి వచ్చేసరికి పాత పరిమాణానికే చేరుతుంది. లోతులోనే పీల్చినవాడి సంగతి వేరు. పది మీటర్ల దిగువన ఒత్తిడి ఉపరితలంలోకన్నా రెండింతలు కాబట్టి, అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది. దానికి దారి వదలకపోతే ఊపిరితిత్తుల్లోని గాలిగదులు చిట్లి, బుడగలు రక్తంలో చేరి, మెదడుకు వెళ్లే నాళాలను మూసేస్తాయి.

ఒత్తిడికీ గాలి పరిమాణానికీ ఉన్న ఈ విలోమ సంబంధాన్ని రాబర్ట్ బాయిల్ 1662లోనే ప్రకటించినా, నావికులు దాన్ని నమ్ముకుని పైకి రావడానికి చాలా కాలం పట్టింది. 1931 జూన్‌లో చైనా తీరాన మునిగిన బ్రిటిష్ జలాంతర్గామి పోసైడన్ నుంచి కొందరు డేవిస్ పరికరంతో, అంటే ఛాతీకి కట్టుకునే ఆక్సిజన్ సంచితో, బయటపడ్డారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జరిగిన సమీక్షలో ఆ పరికరం ఉన్నవారికీ లేనివారికీ ప్రాణాలు దక్కడంలో పెద్ద తేడా లేదని తేలడంతో, ఏ సాధనమూ లేకుండా ఊపిరి వదులుతూ తేలే స్వేచ్ఛారోహణ వైపు బ్రిటిష్ నౌకాదళం మొగ్గింది. అందుకోసం 1954లో గోస్‌పోర్ట్‌లో 30 మీటర్ల నీటి బురుజును ప్రారంభించింది.

1943లో కూస్టో, గాన్యాన్‌లు రూపొందించిన పరికరంతో మొదలైన స్కూబా క్రీడలోనూ ఇదే క్రమశిక్షణ కనిపిస్తుంది. తల ఎత్తి, పైకి చూస్తూ, "ఆ" అని సన్నగా పలుకుతూ గాలి వదలాలి. నోటిలోని గొట్టాన్ని తీసేయకూడదు, ఎందుకంటే పైకి వచ్చేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గి, ఖాళీ అనుకున్న సిలిండర్ ఒకటి రెండు శ్వాసలు ఇవ్వవచ్చు.

విశాఖకు ఈ విద్య అవసరం పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. 1971 డిసెంబరు 3-4 రాత్రి ఆ రేవు ఎదుట మునిగిన పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీలోని వారిలో ఒక్కరూ బతకలేదు. భారత నౌకాదళానికి చెందిన నిస్తార్ నౌక గజ ఈతగాళ్లు దాని శకలాల దగ్గరికి దిగి వచ్చారు. 2024 సెప్టెంబరు 13న శాతవాహన కేంద్రంలో వినేత్ర అనే కొత్త శిక్షణ సదుపాయం మొదలైంది. అందులోని బురుజు ఎత్తు అయిదు మీటర్లే. అది చాలదనుకోవడం పొరపాటు, గాలి ఎక్కువగా పెరిగేది ఉపరితలానికి దగ్గరలోనే: ముప్ఫై మీటర్ల నుంచి ఇరవైకి వచ్చేటప్పుడు మూడో వంతు మాత్రమే పెరిగే గాలి, చివరి పది మీటర్లలో రెట్టింపవుతుంది.