క్రిస్మస్ దీపమాల కథ

అనంతగిరి కొండలమీదుగా డిసెంబరు చలిగాలి దిగివచ్చు దినములలో, వికారాబాదులోను తాండూరులోను అనేక గృహములయందు అటకమీది అట్టపెట్టె యొకటి క్రిందికి దిగును. అందులో నిరుటి దీపమాల చుట్టచుట్టుకొని యుండును. చిక్కులు విప్పి, ప్లగ్గు పెట్టి, మీట నొక్కుదుము. వెలుగదు. 40 బల్బులలో ఒక్కటి మాడినందులకు 40యును చీకటైనవి. పిల్లలు మన మొగము వంక చూతురు. పారవేసి క్రొత్తది కొందుమా, కూర్చుండి బాగుచేయుదుమా? బదులు చెప్పుకొనుటకు ముందు ఆ మాల మన యింటికి వచ్చిన దారిని కొంత తెలిసికొందము.

పూర్వము పాశ్చాత్య దేశములలో క్రిస్మస్ చెట్టుకు మైనపువత్తులు వెలిగించెడివారు. ఎండిన కొమ్మ, మండుచున్న వత్తి. అగ్నిభయము పండుగతోపాటే వచ్చుచుండెను. 1882 డిసెంబరు 22వ తేదీన న్యూయార్కులో, ఎడిసనుగారి సహచరుడైన ఎడ్వర్డు జాన్సను తన యింటి చెట్టుకు ఎఱుపు, తెలుపు, నీలము రంగుల విద్యుద్దీపములు 80 అమర్చెను. తీగలన్నియు చేతితో కూర్చినవే. ముందుగానే తీగలు కూర్చిన మాలలు 1903 ప్రాంతమున అమెరికా అంగళ్ళకు వచ్చినవి. అచ్చటి గృహవిద్యుత్తును చిన్న బల్బు తట్టుకొనజాలదు గనుక, 15 వోల్టుల బల్బులను ఎనిమిదింటిని వరుసగా కూర్చెడి పద్ధతి వాడుకలోనికి వచ్చెను.

ఇక మన ప్రాంతము. 1874లో వాడి–సికింద్రాబాదు రైలుమార్గము ఈ సీమగుండా సాగెను. ఫలక్‌నుమా ప్రాసాదమును నిర్మింపజేసిన వికారుల్ ఉమ్రా పేర వికారాబాదు ప్రసిద్ధమైనది. మెథడిస్టు మిషను అచ్చట పాఠశాలను, వైద్యశాలను నెలకొల్పెను. విద్యుత్తు లేని రోజులలో పండుగ గుర్తు వెదురుబద్దల నక్షత్రము. దానికి రంగుకాగితము లంటించి, లోపల లాంతరు నుంచి, ఇంటి ముందఱ ఎత్తున వ్రేలాడదీసెడివారు. హైదరాబాదు రాజ్యములో 1910లో విద్యుచ్ఛాఖ ఏర్పడెను. 1920లో హుస్సేన్‌సాగరు తీరమున విద్యుత్కేంద్రము వెలసెను. 1959లో ఆంధ్రప్రదేశ్ విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడిన పిమ్మట తీగలు క్రమముగా పల్లెలకును ప్రాకినవి. అంగడిలో ‘సీరియల్ సెట్టు’ అనబడు మాల అన్ని మతములవారికిని చుట్టమైనది. పెండ్లిపందిరికి, దసరాకు, ఉరుసుకు, క్రిస్మసుకు ఒక్కటే మాల.

దాని లెక్క సులభమైనది. మన యింటి విద్యుత్తు 230 వోల్టులు. 6 వోల్టుల బల్బులను 40 వరుసగా కూర్చినచో ఒక్కొక్కదానికి చేరునది 5.75 వోల్టులే. ప్రవాహమునకు దారి యొక్కటియే యగుటచే ఒక తంతువు తెగినచో అన్నియు ఆరిపోవును. ఈ చిక్కు తప్పించుటకై తరువాతి కాలపు బల్బులు కొన్నింటిలో తంతువు కాళ్ళకు పూత గల సన్నని తీగను చుట్టిరి. తంతువు తెగగానే 230 వోల్టులును అచ్చటనే పడి పూతను చీల్చును. ఆ తీగగుండా ప్రవాహము సాగును. తక్కినవి వెలుగుచుండును గాని, చనిపోయినదాని వంతును కూడ అవి పంచుకొనవలెను.

మేము ఈ లెక్క నెఱుగక తాండూరులో ఒకప్పుడు పొరపాటు చేసితిమి. మాడిన బల్బును తీసివేసి, తీగలు రెండును మెలిపెట్టితిమి. దీపములు వెలిగినవి, గర్వపడితిమి. ఏటేట అట్లే చేయగా 40 బల్బులు 30 అయినవి. ఒక్కొక్కదానిపై ఇప్పుడు 7.67 వోల్టులు! ఆ పండుగనాటి రాత్రి కాంతి తెల్లగా మెఱసెను గాని, గంట గడువకముందే ఒక తంతువు తెగెను. దానిని తొలగింపగా మఱికొంతసేపటికి ఇంకొకటి. విసుగుతో ప్లగ్గు తీయకయే తీగలు విప్పి ప్రక్కగదికి పోయితిమి. తిరిగి వచ్చునప్పటికి మా చిన్నవాడు ఆ విప్పిన కొనలవైపు చేయి చాచుచుండెను. చేయి పట్టుకొంటిమి గనుక బ్రతికితిమి. వెలుగుచున్న మాలలో బల్బుకు దక్కునది 6 వోల్టులే యైనను, తెగిన చోట నిలుచునది 230 వోల్టులును.

కావున మరమ్మతునకు మొదటి పని ప్లగ్గును ఊడదీయుట. మీట యార్చుట చాలదు. తాండూరు నాపరాతి నేల తడిగా నున్నచో పొడి చెక్కబల్లమీద కూర్చుండవలెను. నల్లబడిన బల్బును, తుప్పుపట్టిన కాళ్ళను మొదట చూడవలెను. తరువాత ఒక్కొక్క బల్బునే ఊడదీసి, రెండు టార్చి బ్యాటరీలను వరుసగా పేర్చి, వాని రెండు కొనలను బల్బు కాళ్ళకు తాకింపవలెను. తంతువు మందముగనైనను ఎఱ్ఱబడినచో బల్బు మంచిదే. లేనిచో అదే దోషి. దాని చోట అన్నే వోల్టుల బల్బునే పెట్టవలెను. పాడైన పాతమాల నొకదానిని దాచుకొన్నచో బల్బులకు కొదువ యుండదు. తీగ యొలిచిన చోట ఇన్సులేషను టేపు గట్టిగా చుట్టిన పిమ్మటనే ప్లగ్గు పెట్టవలెను.

1962లో నిక్ హొలోన్యాక్ ఎఱ్ఱని కాంతినిచ్చు డయోడును రూపొందించెను. నీలికాంతి డయోడును సాధించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించెను. నేడు ఎల్.ఇ.డి. మాలలే అంగళ్ళను నింపినవి. విద్యుత్తు స్వల్పము, వేడి స్వల్పము. వాని బల్బులను పాత మాలలో కలుపరాదు. అయినను అటకమీద పాతమాల యున్నవారు దానిని తొందరపడి పారవేయవలదు. ఒక సాయంకాలము, రెండు బ్యాటరీలు, కొంచెము ఓపిక చాలును. మా చిన్నవాడు ఇప్పుడు పెద్దవాడైనాడు. మాల బాగుచేయుటకు కూర్చుండినపుడెల్ల, ముందుగా ప్లగ్గును ఊడదీసి మా చేతికిచ్చును.