కుటుంబము: వంతెనా, గోడా? నెల్లూరు తీర సంఘ చరిత్రపై ఒక పరిశీలన

సమాజమునకు పునాది కుటుంబమని సమాజశాస్త్రజ్ఞులు చెప్పుదురు. లైంగిక జీవనము, సంతానము, జీవనాధారము, విద్య అను నాలుగు విధులను కుటుంబము నెరవేర్చునని జార్జి మర్డాక్ 1949లో వ్రాసెను. బిడ్డలకు సమాజపు నడవడి నేర్పుట, పెద్దల మనస్సుకు నిలకడనిచ్చుట అను రెండే ఆధునిక కుటుంబమునకు ముఖ్యముగా మిగిలినవని 1955లో టాల్కట్ పార్సన్స్ అభిప్రాయపడెను. అయితే 1884లోనే ఏంగెల్స్, కుటుంబము ఆస్తిని, ఆధిపత్యమును కాపాడు సాధనమని విమర్శించెను. ఈ మాటలను మన సంఘ చరిత్రతో సరిపోల్చి చూతము.

శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరెను. లైమన్ జ్యూయెట్ 1849లో వచ్చెను. పాతికేండ్ల శ్రమకు కనబడిన ఫలము స్వల్పమే. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అను తోళ్ల వ్యాపారి బాప్తిస్మము పొందెను. ఆయన తన మాదిగ బంధువుల యొద్దకే సువార్తను తీసికొనిపోయెను. 1867 జనవరిలో జాన్ క్లౌ ఆయన ఊరికి వెళ్లినప్పుడు 28 మంది బాప్తిస్మము పొందిరి. ఒంటరి వ్యక్తి వద్ద ఆగిపోయిన వాక్యము బంధుత్వపు దారిలో నడిచెను.

1876–78 నాటి ధాత కరువులో క్లౌ తీరము వెంబడి బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించెను. బోధకులే అక్కడ పనులు చూచుకొనిరి. కూటి కొరకు చేరిరను మాట రాకుండునట్లు ఆయన కరువు కాలమున బాప్తిస్మములను నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇట్టి ఉద్యమములలో బంధువర్గమే దేవుని వంతెన అని 1955లో మెక్‌గావ్రన్ వాదించెను.

కాని ఆ వంతెన ఎంతవరకు వేయబడెను? మన దేశములో బంధుత్వము పెండ్లితో, పెండ్లి కులముతో ముడిపడియున్నది. కనుక బంధుత్వపు దారిన వచ్చిన సువార్త ఎక్కువగా ఒక కులము లోపలనే నడిచెను. మాల, మాదిగ పల్లెల మధ్య గోడ సంఘములోనికి కూడ వచ్చెను. ఏంగెల్స్ విమర్శ ఇచ్చట మనకు తగులుచున్నది.

విశ్వాసుల ఇండ్లలో సంబంధము చూచునప్పుడు మొదట కులమే అడుగుట మేము పలుమార్లు విని, కాపరులమై యుండియు మౌనముగా ఉంటిమి. ఆ మౌనము మా తప్పు.

దేవుని చిత్తము చేయువారే తన కుటుంబమని ప్రభువు చెప్పెను. పేరయ్య తన వారి యొద్దకు నడిచెను. మన వారు కాని వారి యొద్దకు నడచుట మన వంతు. ఆ పని ప్రసంగ వేదికపై కాదు, పెండ్లి మాటలు జరుగు వసారాలోనే ఆరంభము కావలెను.