తెలుగు అక్షరమునకు వేసిన తాళము

ముంబయి నగరమున కామాఠిపుర నామమే తెలుగు నాటినుండి వచ్చిన కామాఠీల శ్రమను చాటుచున్నది. వర్లి చాళ్ళలో కాపురముండిన తెలుగు పద్మశాలీలు బట్టల మిల్లులలో మగ్గములు నడపిరి. ఇట్టి సమాజముల చరిత్ర శిలాశాసనములలో దొరకదు. సంఘముల సంచికలలో, ఆహ్వానపత్రములలో, కరపత్రములలో దొరకును. ఇరువదవ శతాబ్ది చివర ఈ ముద్రణము సీసపు అచ్చునుండి కంప్యూటరునకు మారినది. కావున కంప్యూటరు అక్షరముల వృత్తాంతమును మన చరిత్రలో భాగమే.

ఆనాడు ఒక్కొక్క సంస్థ తన ఫాంటులకు వేర్వేరు సంకేతముల నేర్పరచుకొనెను. పుణెకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేరులు డాంగిల్ అను చిన్న తాళముతో వచ్చెడివి. డాంగిళ్ళను తొలుత ప్రింటరు పోర్టునకు, పిదప యు.ఎస్.బి.కి తగిలించెడివారు. సాఫ్ట్‌వేరు ప్రశ్న పంపును. డాంగిల్ తనలోని రహస్యముతో జవాబిచ్చును. జవాబు సరిపడనిచో పని సాగదు. దొంగ ప్రతులను అరికట్టి, తయారుచేసినవారి కష్టమును కాపాడుటకిది ఉపాయము.

అయితే డాంగిల్ చెడినచో మూల్యము చెల్లించినవానికిని ద్వారము మూతపడును. ఇందులకు కొందరు ఎమ్యులేషను మార్గము పట్టిరి. ఆపరేటింగ్ సిస్టము గర్భమైన కెర్నెల్‌లో ఒక డ్రైవరు నిలిచి, డాంగిల్‌కు మారుగా తానే జవాబిచ్చును. దొంగ ప్రతులకును ఇదియే దారియైనది.

2007లో వెలువడిన విండోస్ విస్టా 64 బిట్ల రూపము సంతకము లేని కెర్నెల్ డ్రైవరును నిరాకరించెను. 2016 నాటి విండోస్ 10, 1607 వెర్షనుతో క్రొత్త డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ వారి సంతకమే వలసివచ్చెను. ఈ కట్టడి వైరస్సులను ఆపుటకు పుట్టినది. కాని సంతకము లేని పాత డ్రైవరుపై ఆధారపడిన నిజమైన డాంగిల్ సైతము క్రొత్త యంత్రమున మూగబోయెను. టెస్ట్ మోడు పెట్టి కట్టడిని సడలించినచో, ఇంటిదొంగకును తలుపు తీసినట్లగును. పైగా 2012 సవరణముచే కాపీరైటు చట్టమున 65ఎ సెక్షను చేరినది. హక్కులను భంగపరచు తలంపుతో ఇట్టి రక్షణను ఛేదించుట శిక్షార్హము.

1991లోనే యూనికోడు తెలుగునకు స్థానమిచ్చినది. ఆ సంకేతములకు తాళము లేదు. డాంగిల్ పనిచేయుచుండగనే పాత సంచికలను యూనికోడునకు మార్చి, ఒక కాగితపు ప్రతిని దాచుట సంఘముల విధి. తాళపుచెవి పోయిన పెట్టెలో తాతల మాట మిగిలియున్నను, మనుమలకు అది లేనట్లే.