టీవీ గేముకు క్యాబినెట్టుతో ఏం చుట్టరికం?

జనగామ దాటి కాజీపేట వైపు సాగే రైలుమార్గం మీది రఘునాథపల్లి లాంటి మండల కేంద్రాలకు, వాటి చుట్టుపక్కల పల్లెలకు వీడియో గేమ్ వచ్చింది డబ్బా టీవీకి తగిలించే సెట్టుగానే తప్ప, నాణెం వేస్తే నడిచే నిలువెత్తు క్యాబినెట్టుగా కాదు. సెట్టు నెత్తిన గుచ్చే క్యాసెట్టు, దాని మీద 9999 ఇన్ 1 అనే అబద్ధపు లెక్క (చూడబోతే అవే కొన్ని ఆటలు పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి), బొమ్మ రాకపోతే క్యాసెట్టు పీకి పిన్నుల్లోకి గట్టిగా ఊది మళ్లీ గుచ్చడం, ఇదీ మన ఆర్కేడ్. ఆ సెట్లలో చాలావాటికి మూలం 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్. దాని క్యాసెట్టుకు 60 పిన్నులు. అమెరికాలో ఎన్ఈఎస్ పేరుతో దిగేసరికి అవి 72 అయ్యాయి. ఇప్పుడు అటక మీది సెట్టును దించి క్యాబినెట్టులో కూర్చోబెట్టాలనుకునేవారు కూడా ముందు పిన్నుల లెక్కే చూసి అడాప్టర్ కొంటున్నారు. పిన్ను కలిసినంత మాత్రాన పొత్తు కుదరదు, యంత్రం పుట్టుక చూడాలన్నది నా వాదన.

క్యాబినెట్టు సంగతి ముందు చూద్దాం. 1985లో జపాన్ ఆర్కేడ్ తయారీదారుల సంఘం జామా ఒక వైరింగ్ పద్ధతిని ఖాయం చేసింది. బోర్డు అంచున పక్కకు 28 చొప్పున 56 పిన్నులు. 5 వోల్టులు, 12 వోల్టులు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా, వాటిని నిలిపే సింక్, నేరుగా స్పీకర్‌కు పోయే శబ్దం, ఇద్దరి జాయ్‌స్టిక్‌లు, బటన్లు, నాణెం పడిందన్న సంకేతం అన్నీ ఆ ఒక్క అంచునే. పెట్టె అలాగే ఉంచి బోర్డు మార్చుకునే వీలు పార్లర్ యజమానికి దక్కింది. తలా మూడు బటన్లు చాలనుకున్నారు గానీ, 1991లో స్ట్రీట్ ఫైటర్ 2 ఆరు బటన్లతో దిగేసరికి పక్కనుంచి ఇంకో వైర్ల కట్ట లాగక తప్పలేదు. ప్రమాణానికి ఆరేళ్లకే అతుకు పడింది.

టీవీ గేమ్ పుట్టుక వేరు. ఫ్యామికామ్‌లో బొమ్మ గీసే చిప్పు మూడు రంగులనూ విడిగా బయటపెట్టదు, లోపలే కలిపేసి పంపుతుంది. పసుపు వైరులో వచ్చేది ఆ కలగలుపే. క్యాబినెట్టు మానిటర్ అడిగేదేమో విడి రంగులు. ఈ చిక్కు నింటెండోకే ఎదురైంది. 1984లో వీఎస్ సిస్టమ్‌గా, 1986లో ప్లేచాయిస్-10గా తన ఇంటి ఆటలను పార్లర్లలో దించినప్పుడు వైరు మార్చి సరిపెట్టుకోలేదు, విడి రంగులిచ్చే వేరే చిప్పునే వేసింది. (ప్లేచాయిస్‌లో నాణేనికి వచ్చేది లైఫులు కాదు, ఆడుకునే సమయం. గంటకింత అని పుచ్చుకున్న మన గేమ్ షాపుల లెక్కా అదే.)

కలిసిన రంగులను విడదీసే కన్వర్టర్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ కలవకముందు ఉన్న పదును తిరిగి రాదు. పాలనూ నీళ్లనూ వేరుచేసే హంస ఎలక్ట్రానిక్స్ బజారులో ఇంకా అమ్మకానికి రాలేదు. అసలు ఫ్యామికామ్‌లోనైతే చిప్పును పెకలించి, కింద అదనపు బోర్డు పెట్టి రంగులు రాబట్టే పద్ధతి ఒకటుంది. చవక సెట్లలో తర్వాత వచ్చినవాటిని విప్పి చూస్తే నల్లటి జిగురు బొట్టు ఒక్కటే ఉంటుంది. యంత్రమంతా దాని కిందే, పెకలించడానికి ఏమీ మిగలదు. అలాంటి సెట్టుకు జామా అడాప్టర్ దండగ. క్యాబినెట్టులో డబ్బా టీవీనే పెట్టి, సెట్టు రిమోట్ విప్పి, లోపలి బోర్డు మీది రాగి రేకులకు జాయ్‌స్టిక్, బటన్ల వైర్లు సోల్డర్ చేసుకుంటే చాలు.

ప్లేస్టేషన్ దగ్గర కథ తిరగబడుతుంది. సోనీ దాన్ని విడుదల చేసిన 1994లోనే నామ్కో దాని ఆధారంగా సిస్టమ్ 11 ఆర్కేడ్ బోర్డు చేసి టెక్కెన్ నడిపింది. టెక్కెన్ 3 నడిచిన సిస్టమ్ 12 కూడా ఆ వంశమే. విడి రంగులు ప్లేస్టేషన్ తనంతట తానే ఇస్తుంది కాబట్టి ఇక్కడ అడాప్టర్‌కు పెట్టే డబ్బుకు అర్థముంది. అయితే 0.7 వోల్టుల టీవీ స్థాయి రంగులను మానిటర్‌కు చాలినంత పెంచే ఏర్పాటు అందులో ఉండాలి, లేకుంటే బొమ్మ మసకబారుతుంది. శబ్దానికీ యాంప్లిఫైయర్ కావాలి. కంప్యూటర్‌ను కలిపేవారికైతే క్యాబినెట్టులోని 15 కిలోహెర్ట్జ్ మానిటర్‌లోకి 31 కిలోహెర్ట్జ్ సంకేతం పోకుండా ఆపే జే-ప్యాక్ లాంటి అడాప్టర్ మేలు.

ఇంత తంటా ఎందుకు, పాత ఆటలను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్, ఎల్‌సీడీ తెర పెట్టుకుంటే పోదా? స్థలం లేనివారికి అది సబబే. కానీ మన సెట్లతో ప్లాస్టిక్ తుపాకీ కూడా వచ్చేది. డక్ హంట్‌లో ట్రిగ్గర్ నొక్కగానే తెర నల్లబడి, బాతు ఉన్న చోట తెల్లటి చదరం ఒకటి మెరుస్తుంది. తుపాకీ గొట్టంలోని కన్ను ఆ మెరుపును ఆ క్షణంలోనే పట్టాలి. డబ్బా టీవీ వేళకు అందిస్తుంది. ఎల్‌సీడీ లిప్తపాటు ఆలస్యం చేస్తుంది, గురి ఎంత సూటిగా ఉన్నా బాతు ఎగిరిపోతుంది, గడ్డిలోంచి కుక్క లేచి నవ్వుతుంది.