మందుమాత్ర నుండి పెంపుడు ప్రాణి వరకు

వర్షాకాలమున పెరటిలోని పూలకుండీని కదల్చినచో, దాని అడుగున తడిమట్టిలో బూడిదరంగు చిన్నప్రాణులు పరుగెత్తుట కనబడును. వానిలో కొన్ని ముట్టగనే ఉండవలె చుట్టుకొనును. జనులు వీనిని పురుగులందురు. కాని ఇవి కీటకములు కావు. రొయ్యలకు, పీతలకు బంధువులు. కాళ్ళన్నియు ఇంచుమించు ఒకే తీరున నుండుటచే శాస్త్రజ్ఞులు వీనికి ఐసోపోడులు, అనగా సమపాదులు అని పేరిడిరి. నేడు పెక్కు దేశములలో నారింజ, పసుపు, నలుపుతెలుపు రంగుల సమపాదులను ఇండ్లలో పెంచుట ఒక వేడుకయైనది. దీని వెనుక చిత్రమైన చరిత్ర కలదు.

17, 18 శతాబ్దములలో ఐరోపా వైద్యులు వీనిని ఔషధముగా వాడిరి. ఎండించి పొడిచేసియో, ద్రాక్షసారాయిలో నానవేసియో రోగులకిచ్చెడివారు. ఉండచుట్టుకొను వానిని మాత్రలవలె మ్రింగించుటయు కలదు. తరువాత వైద్యుల పెట్టెనుండి ఇవి శాస్త్రజ్ఞుల బల్లపైకి వచ్చినవి. 1804లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లాట్రెయ్ ఉండచుట్టుకొను సామాన్యజాతిని వర్ణించెను. దానినే నేడు ఆర్మడిల్లిడియమ్ వల్గారె అందురు.

ఈ జాతిలో అరుదుగా ఎఱ్ఱని ప్రాణులు పుట్టుచుండును. ఆ రంగు సంతతికి ఎట్లు సంక్రమించునో తెలిసికొనుటకు 1940 ప్రాంతమున ఇంగ్లండులో హోవర్డ్ వీనిని పెంచి పరిశీలించెను. ఫ్రాన్సులో వాండెల్ కూడ ఈ ప్రాణులపై కృషిచేసెను. అట్లు పెంచుచుండగా ఒక వింత బయటపడినది: కొన్ని తల్లులకు దాదాపు ఆడుపిల్లలే పుట్టుచుండిరి! కారణమేమి? 1973లో ఫ్రాన్సులోని పొయిటియేలో పరిశోధకులు అట్టి తల్లుల కణములలో ఒక సూక్ష్మజీవిని కనుగొనిరి. అది తల్లి అండము ద్వారా పిల్లలకు చేరి, మగవి కావలసిన వానిని ఆడవిగా మార్చుచున్నది. 1992లో అది వోల్బాకియా అను బాక్టీరియా అని తేలినది. ఈ బాక్టీరియాను 1924లోనే దోమలలో గుర్తించియుండిరి. నేడు డెంగ్యూ నివారణకై దోమలలోనికి ఎక్కించుచున్నది దీని రకములనే.

రంగు అన్నివేళల ఆరోగ్యమునకు గుర్తు కాదు. కొన్ని సమపాదులు మిలమిలలాడు నీలివర్ణము దాల్చును. ఇది ఇరిడోవైరస్ పని యని 1980లో తెలిసినది. వైరస్ కణములు దేహములో స్ఫటికములవలె బారులు తీరుటచే కాంతి ఆ విధముగా ప్రతిఫలించును. అట్టి ప్రాణి త్వరలోనే చనిపోవును. అందమని మురిసి దానిని మిగిలిన వానితో నుంచరాదు.

వీనిని పెంచుట సులభమే. కాని వీని శ్వాసవిధానము తెలిసియుండవలెను. పొట్టక్రింది పలకలవంటి అవయవములతో ఇవి ఊపిరి పీల్చును. అవి ఎండినచో ప్రాణి చచ్చును. నీట మునిగినను చచ్చును. కావున గాలిరంధ్రములు గల డబ్బాలో మట్టి పోసి, ఒక ప్రక్క తడిగను, మరియొక ప్రక్క పొడిగను ఉంచవలెను. ఎండుటాకులు, పుచ్చిన కట్టెముక్కలు ముఖ్యాహారము. పెంకు గట్టిపడుటకు సున్నము కావలెను గనుక కోడిగ్రుడ్డు పెంకుల పొడి వేయవలెను. ఇవి పై చర్మమును ఒక్కసారిగా విడువవు. మొదట వెనుక సగమును, కొన్ని దినములకు ముందు సగమును విడుచును. తల్లి పొట్టక్రింద నీటితో నిండిన సంచిలో గ్రుడ్లను మోయును. సముద్రమును వదలివచ్చినను, ఆ సంచియందు ఒక చిన్నసముద్రమును వెంట తెచ్చుకొన్నదనవచ్చును.

గాజుపెట్టెలలో కప్పలను పెంచువారు మొదట వీనిని పెట్టెను శుభ్రపరచుటకును, కప్పలకు మేతకును వాడిరి. క్రమముగా రంగుల రకములకు గిరాకి పెరిగినది. ఇక్కడనే ఒక చిక్కు వచ్చినది. థాయిలాండులోని సున్నపురాతి ప్రాంతములనుండి వచ్చిన 'రబ్బర్ డక్' అను రకము, పసుపుపచ్చని బాతుమోము వంటి ముఖముతో పెంపకందార్ల మనసు దోచినది. శాస్త్రీయ నామము లేకయే అది దేశదేశములలో అమ్ముడుపోయినది. లాట్రెయ్ కాలమున పేరు ముందు, బేరము తరువాత; ఇప్పుడు బేరమే ముందు. ఒకే గుట్టలోనో, గుహలోనో బ్రతుకు జాతిని ఎన్ని మిగిలినవో లెక్కింపకయే ఏరుకొనిపోయినచో, మనము పేరు పెట్టకముందే అది అంతరింపవచ్చును.

విద్యార్థులు దూరదేశపు ప్రాణికై వెదకనక్కరలేదు. బడితోటలోని కుండీక్రింద ఉన్నవి చాలును. పదింటిని పెంచి, పిల్లలెప్పుడు పుట్టినవి, ఎన్ని, ఏ ఆకులు ముందు తిన్నవి అని దినచర్య వ్రాయవలెను. పరిశీలన ముగిసిన పిమ్మట తెచ్చినచోటనే వదలవలెను. కొన్నవానిని మాత్రము ఎన్నడును బయట విడువరాదు. వోల్బాకియా రహస్యమునకు దారి చూపినది ఇట్టి ఓపికతో కూడిన పెంపకమే.